గేర్‌బాక్సులోకి బోరు నీళ్లు: విడవలూరు బండి కేస్ స్టడీ

2024లో రోహిణి కార్తె మొదలైన మూడో రోజు. మధ్యాహ్నం పన్నెండు దాటాక విడవలూరు మండలం నుంచి ఒక ఏడు సీట్ల డీజిల్ బండి నెల్లూరులోని మా షెడ్డుకు వచ్చింది. 2018 మోడల్. ఆరు గేర్ల ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) ఉన్న రకం. మీటరు మీద 1,12,000 కిలోమీటర్లు. యజమాని రొయ్యల రైతు, వయసు యాభై అయిదు దాటి ఉంటుంది. దిగీ దిగగానే ఒక ప్లాస్టిక్ సంచి నా చేతిలో పెట్టారు. దాని నిండా ఆరు నెలల బిల్లులు.

"మేస్త్రీ, బండి వణుకుతోంది. అందరూ చూశారు. ఇక నువ్వే చెప్పాలి" అన్నారు.

బిల్లులన్నీ చదివాను. బండిని చూసే ముందు కాగితాలు చూడటం నాకు అలవాటు. ఎవరు ఏం మార్చారో తెలిస్తే, ఏది కారణం కాదో కూడా సగం తెలిసిపోతుంది. వీల్ బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించారు. ముందు టైర్లు రెండూ కొత్తవి. ఇంజన్ మౌంటింగులు మార్చారు. ఇంజెక్టర్లు శుభ్రం చేయించారు. చివరి కాగితం వేరే ఊరి షెడ్డు ఇచ్చిన అంచనా. గేర్‌బాక్సు మొత్తం మార్చాలి, నాలుగు లక్షల పైన అవుతుందని అందులో ఉంది. గేర్ ఆయిలు చూశామన్న మాట మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఆ సంచిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

వణుకు ఎప్పుడు వస్తుందని అడిగాను. యజమాని "ఎప్పుడూ" అన్నారు. వెనక నిలబడ్డ డ్రైవరు కుర్రవాడు మాత్రం నెమ్మదిగా సరిచేశాడు. "పొద్దున రాదన్నా. కోవూరు దాటి హైవే మీద అరగంట నడిచాక, అరవై స్పీడులో, కాలు తేలిగ్గా పెట్టినప్పుడు వస్తుంది. గట్టిగా తొక్కితే పోతుంది." రోజంతా స్టీరింగు పట్టుకునే మనిషికి తెలిసినంత యజమానికి తెలియదు. కుర్రవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, యజమానిని వెనక సీట్లో ఉండమని, స్కానర్ తగిలించి వెంకటాచలం టోల్‌గేటు వైపు బయలుదేరాను.

చక్రాల బ్యాలెన్సు తప్పితే వచ్చే వణుకు వేగాన్ని బట్టి ఉంటుంది. ఎనభై, తొంభై దగ్గర మొదలై, యాక్సిలరేటరు వదిలినా తొక్కినా అలాగే సాగుతుంది. ఇంజన్ మిస్సింగు అయితే ఏ గేరులోనైనా, ఎత్తు ఎక్కేటప్పుడు మరీ ఎక్కువగా తెలుస్తుంది. ఇది ఆ రెండూ కాదు. అరవై రెండు కిలోమీటర్ల వేగంలో కాలు తేలిగ్గా ఆనించి ఉంచితే, టోల్‌గేటు ముందు వేసే సన్నని గీతల మీద బండి పోతున్నట్టు రెండు మూడు సెకన్లు దడదడలాడి ఆగుతోంది. మళ్లీ వస్తోంది. అప్పుడు ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను బ్రేకు పడనంత తేలిగ్గా, దీపం వెలిగేంత మాత్రమే తాకాను. వణుకు తెగిపోయింది. ఇంజన్ చుట్లు ఉన్నవాటి మీద మరో రెండు వందల దాకా పెరిగాయి. పెడల్ వదిలాను. కాసేపటికి వణుకు తిరిగి వచ్చింది.

టార్క్ కన్వర్టర్ లోపల ఒక క్లచ్ ఉంటుంది. నిలకడ వేగంలో అది ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ జారుడు లేకుండా కట్టేస్తుంది. దాన్నే లాకప్ అంటాం. బ్రేకు తాకిన క్షణంలో కంప్యూటర్ లాకప్‌ను విడిపిస్తుంది. వణుకు కూడా దానితోపాటే పోయిందంటే దోషం ఉన్నది ఆ క్లచ్‌లో గానీ, దాన్ని నడిపే ఆయిల్లో గానీ. స్కానర్ కూడా అదే చెప్పింది. లాకప్ పట్టి ఉన్నప్పుడు జారుడు, అంటే ఇంజన్ చుట్లకూ గేర్‌బాక్సులోకి వెళ్లే చుట్లకూ తేడా, దాదాపు సున్నా ఉండాలి. ఇక్కడ అది 40 నుంచి 180 చుట్ల మధ్య ఎగిరెగిరి పడుతోంది. లాకప్ సరిగా పట్టడం లేదని చెప్పే పీ0741 కోడు కూడా కంప్యూటర్ జ్ఞాపకంలో ఉంది. తిరుగు దారిలో షెడ్డు ముందు ఆపి రివర్సు వేస్తే, బండి వెనక్కి కదలడానికి దాదాపు మూడు సెకన్లు పట్టింది.

ఇక్కడిదాకా వచ్చినవారిలో చాలామంది వాల్వ్ బాడీ (ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే భాగం) మీదకో, కన్వర్టర్ మీదకో వెళ్తారు. నేను ఆయిలు చూడకుండా ఏదీ చెప్పను. ఈ బండికి గేర్ ఆయిల్ చూసే పుల్ల లేదు. లిఫ్టు మీద ఎత్తి, ఆయిలు వేడి 40 డిగ్రీల దగ్గర ఉండగా ఇంజన్ నడుస్తుండగానే కింది లెవెల్ బోల్టు విప్పాలి. సన్నగా ధార వచ్చి చుక్కలుగా మారితే మట్టం సరిగ్గా ఉన్నట్టు. మేం బోల్టు విప్పగానే కావలసినదాని కంటే చాలా ఎక్కువే వచ్చింది. లీకయ్యే గేర్‌బాక్సులో ఆయిలు తగ్గాలి గానీ పెరగకూడదు. తెల్ల ప్లాస్టిక్ గిన్నెలో పట్టిన ఆ ఆయిలు రంగు చూసి నా దగ్గర పనిచేసే అబ్బాయి అసంకల్పితంగా "రోజ్ మిల్క్" అన్నాడు.

ఆటోమేటిక్ ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు చాలావరకు ఎర్రగా, తేటగా ఉంటుంది. వాడుకలో కాస్త గోధుమ రంగుకు తిరిగితే కంగారు లేదు. నల్లగా మారి మాడిన వాసన వస్తే క్లచ్ పొరలు కాలుతున్నాయి. పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే మాత్రం అందులో నీరు చేరింది. కంటిని ఒక్కదాన్నే నమ్మలేదు. ఇనుప రేకు ముక్కను స్టవ్వు మీద కాల్చి కొత్త ఆయిలు ఒక చుక్క వేశాం. నిశ్శబ్దంగా పరుచుకుంది. గిన్నెలోది ఒక చుక్క వేశాం. తాలింపులో తడి ఆకు పడ్డట్టు చిటపటలాడి చెల్లాచెదురైంది. యజమాని పక్కనే నిలబడి చూశారు. ఆ చప్పుడు విన్నాక నేను ఏమీ వివరించనక్కరలేకపోయింది.

నీళ్లు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

మా జిల్లాలో ఈ ప్రశ్నకు మొదటి జవాబు ఎప్పుడూ వరదే. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీటితో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర హైవే, రైలు మార్గం తెగిపోయినప్పుడు కోవూరు చుట్టుపక్కల ఎన్నో బండ్లు రాత్రంతా నీళ్లలో ఉన్నాయి. గేర్‌బాక్సు ఊపిరి తీసుకోవడానికి పైన ఒక చిన్న గొట్టం ఉంటుంది. అంత ఎత్తు నీళ్లు వస్తే దానిలోంచే లోపలికి దిగుతాయి. యజమానిని అడిగితే, ఆ రోజుల్లో బండి చెన్నైలో కూతురి ఇంట్లో ఉందన్నారు. చెరువు గట్ల మీద కూడా నీళ్లలో దించిన సందర్భం లేదట. గేర్‌బాక్సు పైభాగంలో, వైరింగు మీద బురద గీత కూడా కనిపించలేదు.

అప్పుడు బానెట్ ఎత్తి కూలెంటు డబ్బా మూత తీశాను. లోపల కూలెంటుకు ఉండాల్సిన ఆకుపచ్చ లేదు, ఎరుపు లేదు. మట్టి రంగు నీళ్లు, గోడలకు తెల్లటి ఉప్పు పొర, దాని మీద వేలు పెడితే జారే జిడ్డు. డ్రైవరు వైపు చూశాను. వాడు కాసేపు నేల చూసి, "వారానికి ఒక సీసా నీళ్లు పోస్తున్నానన్నా. ఎక్కడా కారడం లేదు కదా అని చెప్పలేదు" అన్నాడు.

వారానికి లీటరు నీళ్లు తగ్గుతున్నాయి. కింద తడి లేదు, సైలెన్సరు నుంచి తెల్ల పొగ లేదు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పట్టీ) పోయిందేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి రేడియేటరు మూతి దగ్గర పొగ పరీక్ష చేశాం. ఇంజన్ పొగ తగిలితే రంగు మారాల్సిన నీలి ద్రవం మారలేదు. ఇక పోయే దారి ఒక్కటే. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు చల్లబడటానికి చాలా బండ్లలో రేడియేటరు ట్యాంకు లోపలే ఒక చిన్న కూలర్ ఉంటుంది. లోపల గేర్ ఆయిలు, బయట ఇంజన్ కూలెంటు, మధ్యలో పలుచని లోహపు గోడ. ఆ గోడకు సూదిమొనంత రంధ్రం పడితే చాలు.

ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ వైపు ఒత్తిడి ఉంటుంది. కాబట్టి కాస్త ఆయిలు కూలెంట్లోకి పోతుంది. డబ్బాలో జిడ్డు అదే. ఇంజన్ ఆపగానే గేర్‌బాక్సు పంపు ఆగి ఆయిల్ ఒత్తిడి సున్నాకు పడుతుంది. వేడెక్కిన కూలెంటు మాత్రం మూత బిగువులో ఇంకా చాలాసేపు ఒత్తిడితోనే ఉంటుంది. అప్పుడది ఆ రంధ్రం గుండా గేర్‌బాక్సులోకి దిగుతుంది. అంటే బండి పాడయ్యేది రోడ్డు మీద కాదు, ఇంటి ముందు నీడలో నిలబెట్టాక. ఎండాకాలంలో ఇది మరింత ఎక్కువ.

రుజువు కావాలి. చల్లగా ఉన్న రేడియేటరుకు 1.1 బార్ గాలి ఎక్కిస్తే ఇరవై నిమిషాలు ముల్లు కదలలేదు. ఈ పరీక్ష ఇంతటితో ఆపి "రేడియేటరు బాగుంది" అని చెప్పిన షెడ్లు నాకు తెలుసు. లోహం వేడికి వ్యాకోచిస్తేనే తెరుచుకునే రంధ్రాలు ఉంటాయి. రేడియేటరు దించి, కూలర్ ఒక మూతి మూసి, రెండో మూతి నుంచి 2 బార్ గాలి పెట్టి, వేడినీళ్లు పోసిన డ్రమ్ములో ముంచాం. నాలుగో నిమిషంలో కూలెంటు గొట్టం మూతి నుంచి ఆవగింజంత బుడగలు దారానికి గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలైంది.

బోరు నీళ్ల సంగతి

రెండేళ్ల కిందట చెరువుల దారిలో రేడియేటరు గొట్టం పగిలిందట. గొట్టం మార్చిన మనిషి అందుబాటులో ఉన్న పంపు షెడ్డు బోరు నీళ్లతో నింపాడు. ఆ తర్వాత డ్రైవర్లందరూ అవే నీళ్లు పోస్తూ వచ్చారు. తీరంలో బోర్లు ఎలా ఉంటాయో అక్కడివారికి చెప్పనక్కరలేదు. మరుసటి రోజు యజమాని ఒక సీసాలో ఆ నీళ్లు, మరో చేతిలో చెరువుల కోసం వాడే ఉప్పు కొలిచే దుర్బిణీ తీసుకుని వచ్చారు. గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత మూసి, కిటికీ వెలుతురు వైపు తిప్పి ఒక కన్ను మూసి చూశారు. మళ్లీ తుడిచి మళ్లీ చూశారు.

"మూడు" అన్నారు.

అంటే లీటరులో మూడు గ్రాముల ఉప్పు. తాగునీటికి భారత ప్రమాణం కోరేది, కరిగిన లవణాలన్నీ కలిపి 500 మిల్లీగ్రాములకు మించకూడదని. ఇది దానికి ఆరు రెట్లు. "చెరువులో ఉప్పు ఒక పాయింటు మారితే నాకు రాత్రి నిద్ర పట్టదు మేస్త్రీ. బండిలో ఏం పోస్తున్నారో ఒక్కరోజూ అడగలేదు" అన్నారాయన. నేను ఏమీ అనలేదు. కూలెంటు చల్లబరచడానికి మాత్రమే కాదు, అందులోని మందులు లోహాన్ని తుప్పు నుంచి కాపాడతాయి. ఆ మందులు లేకుండా ఉప్పులోని క్లోరైడు అల్యూమినియం మీద పని చేస్తే, పై నుంచి పొర పొరగా అరగదు. ఒక్కచోట గుంట పెట్టి తొలుచుకుంటూ పోతుంది. కోసి చూసిన కూలర్ మీద అలాంటి గుంటలు పదకొండు లెక్కపెట్టాను. వాటిలో ఒకటి మాత్రమే అవతలికి చేరింది.

కడగాలా, విప్పాలా

అసలు కష్టం ఈ నిర్ణయంలోనే ఉంది. రేడియేటరు మార్చి, కొత్త ఆయిలు మూడుసార్లు పోసి తీస్తే ఇరవై రెండు వేలతో పోతుంది. యజమాని మొదట అదే అడిగారు. చాలా షెడ్లు కూడా అదే చేస్తాయి.

2021 వరద తర్వాత కోవూరు నుంచి వచ్చిన ఒక బండికి నేను అదే చేశాను. మూడుసార్లు కడిగాను, ఆయిలు ఎర్రగా వచ్చింది, సంతోషంగా అప్పగించాను. నాలుగు నెలలకు మూడో గేరు జారుతోందని తిరిగి వచ్చింది. విప్పితే క్లచ్ ప్లేట్ల పొరలు ఊడి ఫిల్టరు నిండా ఉన్నాయి. ఆ బండి యజమాని దగ్గర మొదట తీసుకున్న డబ్బు ఓవర్‌హాల్ బిల్లులో తగ్గించాను. ఆటోమేటిక్ క్లచ్ ప్లేటు పొర కాగితం జాతిది. గుజ్జును ఒత్తి జిగురుతో ఇనుప ప్లేటుకు అతికిస్తారు. ఆయిల్లో ఏళ్ల తరబడి నిలిచే ఆ పొర నీటిని మాత్రం పీల్చుకుంటుంది, జిగురు వదులవుతుంది. కూలెంట్లోని గ్లైకాల్ అనే రసాయనం కూడా ఇదే నష్టం చేస్తుంది. ఆయిలు మళ్లీ ఎర్రబడినంత మాత్రాన అతుకు తిరిగి రాదు.

ఇదంతా యజమానికి అలాగే చెప్పాను. కొద్ది నీళ్లు చేరి, వణుకు మొదలుకాక ముందే, కొన్ని రోజుల్లోనే దొరికితే కడిగి చూడవచ్చు. ఈ బండిలో లాకప్ జారుతోంది, రివర్సు ఆలస్యమవుతోంది, నీళ్లు తగ్గడం నెలల తరబడి సాగింది. విప్పాల్సిందే. ఒక రోజు ఆలోచించుకుని ఒప్పుకున్నారు. ఆ లోపు ఇంటికి నడుపుకుని పోతామంటే వద్దన్నాను. ఒకవేళ ఎక్కడికైనా తీసుకుపోవాలన్నా తాడు కట్టి లాగవద్దని, లారీ మీద ఎక్కించాలని డ్రైవరుకు గట్టిగా చెప్పాను. ఇంజన్ ఆగి ఉంటే గేర్‌బాక్సు పంపు తిరగదు. వెనక చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలకు ఆయిలు అందక బేరింగులు కూడా పోతాయి.

ఆయిల్ పాన్ దించితే అయస్కాంతాల మీద బూడిద రంగు సన్నని ముద్ద ఉంది. అది మామూలే. ఇనుప సూదులు, రేకులు లేవు, అంటే పళ్ల చక్రాలు క్షేమం. ఫిల్టరు మీద మాత్రం తడిసిన పీచు. క్లచ్ డ్రమ్ములు విప్పి ప్లేట్లు బల్ల మీద వరుసగా పరిచాం. రెండు సెట్లలో పొరను గోటితో గీకితే తడిసిన అట్టలా లేచివచ్చింది. యజమానిని పిలిచి ఆయన చేతే గీకించాను. డబ్బు కట్టే మనిషి తన వేలితో చూసుకోవడం న్యాయం. ఉక్కు ప్లేట్ల మీద తుప్పు మచ్చలు. రెండు బేరింగులు తిప్పితే గరుకుగా ఉన్నాయి. వాల్వ్ బాడీ విప్పి కడిగాం. ఆయిల్ దారులను కరెంటుతో తెరిచి మూసే సోలినాయిడ్లు రెండు అంటుకుని కదలడం లేదు, మార్చాం. వేరే ఊరివాళ్లు చెప్పినట్టు గేర్‌బాక్సు మొత్తం పారేయాల్సిన పని లేదు.

టార్క్ కన్వర్టర్ వెల్డింగు చేసి మూసిన డబ్బా. బయటి నుంచి ఎంత కడిగినా లోపలి లాకప్ పొర మారదు. కోసి, పొర కొత్తది అతికించి, తిరిగి వెల్డింగు చేసి బ్యాలెన్సు చూసే సదుపాయం ఉన్నచోటికి, చెన్నైకి పంపాం. దానికి తొమ్మిది రోజులు పట్టింది. కొత్త రేడియేటరు వేశాం. ఇలాంటప్పుడు లోపలి కూలర్‌ను వదిలేసి బయట విడిగా ఇంకో కూలర్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. దాని కొలత ఆ గేర్‌బాక్సుకు సరిపోతుందని లెక్క తేలనిదే నేను పెట్టను. పైగా రేడియేటరు కూలర్ పొద్దున చల్లని ఆయిల్‌ను త్వరగా వేడెక్కిస్తుంది కూడా. కూలెంటు, శుద్ధజలం సగం సగం. రేడియేటరు మూత, థర్మోస్టాట్ కొత్తవి. గేర్‌బాక్సులో 9 లీటర్ల పైన ఆయిలు పట్టింది. కింది బోల్టు విప్పితే దిగేది నాలుగు లీటర్ల లోపే. మిగతాదంతా కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది. అందుకే ఒక్కసారి దించి పోసి "ఆయిలు మార్చాం" అనడం సగం మాట.

మొత్తం పదిహేడు రోజులు, 1,46,000 రూపాయలు.

ఇక్కడ ఒక మాట. క్లచ్‌ను మనిషికి బదులు మోటారు నొక్కే ఏఎమ్‌టీ బండ్లకు ఈ రోగం రాదు. వాటిలో ఉన్నది మామూలు గేర్‌బాక్సే. టార్క్ కన్వర్టర్ బండ్లలో, బెల్టుతో నడిచే సీవీటీ ఆటోమేటిక్ బండ్లలో నీళ్లతో చల్లబరిచే కూలర్ ఉంటే ఏ కంపెనీదైనా ఇది రావచ్చు.    

బండి అప్పగించిన మొదటి రెండు వారాలు, చల్లగా ఉన్నప్పుడు రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు చిన్న తోపు వచ్చేది. స్కానర్‌తో పాత అలవాటు లెక్కలు చెరిపేశాం కాబట్టి కంప్యూటర్ కొత్త ప్లేట్లను నేర్చుకోవాలి, ఓపిక పట్టమన్నాను. డ్రైవరు రోజూ రాసి పంపాడు. పదమూడో రోజు నుంచి రాలేదన్నాడు. 500 కిలోమీటర్ల దగ్గర నాలుగు లీటర్లు దించి కొత్తవి పోశాం, లోపల దాగిన తడి ఏమైనా ఉంటే పోవాలని. దించిన ఆయిలు చుక్క కాల్చిన రేకు మీద చప్పుడు చేయలేదు.

10,000 కిలోమీటర్లకు మళ్లీ వచ్చారు. వెంకటాచలం దాకా అదే దారిలో, అరవై రెండు వేగంలో, కాలు తేలిగ్గా పెట్టి పోయాను. జారుడు అంకె పది దాటలేదు. కూలెంటు డబ్బాలో మట్టం గీత మీదే ఉంది, జిడ్డు లేదు. గాజు సీసాలో పట్టిన గేర్ ఆయిలు గుండా చూస్తే గోడ మీది క్యాలెండరు అంకెలు కనిపించాయి. ఇలాంటి బండ్లకు మామూలుగా 60,000 కిలోమీటర్లకు ఆయిలు మార్చమని చెబుతాను. దీనికి 40,000 దగ్గరే అని సర్వీసు పుస్తకంలో రాశాను. దాని కింద డ్రైవరు తన చేత్తో ఇంకో వరస రాసుకున్నాడు: ప్రతి సోమవారం, చల్లగా ఉన్నప్పుడు, కూలెంటు మట్టం.